ఆ ఫొటో కింది మాట సవరించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. డిసెంబర్ చివరి వారంలో మీ జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో ఒక ఫొటో వేశారు. క్రిస్మస్ సందర్భంగా పేదలకు దుప్పట్ల పంపిణీ. ఎర్ర గళ్ల దుప్పటిని ఒక కొస ఫాదర్ గారు, ఇంకో కొస దాత పట్టుకుని ఉంటే, వెనుక నుంచి మరో ముగ్గురు చేతులు చాపి దాన్ని ముట్టుకుని ఉన్నారు. ఆ ముగ్గురిలో బట్టతల మనిషిని నేను. మధ్యలో చేతులు జోడించి నిలబడ్డది ఒక ఆడమనిషి. ఫొటో కింద 'నిరుపేద మహిళకు దుప్పటి అందజేస్తున్న దృశ్యం' అని రాశారు.

ఆమె నిరుపేద అని మీకు ఎవరు చెప్పారో నాకు తెలుసు. మీ విలేకరికి వాట్సాప్‌లో వివరాలు పంపింది నేనే. కాబట్టి తప్పు మీ డెస్కుది కాదు, నాది. ఆమె మా చర్చిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. నెలనెలా జీతం తీసుకుంటున్న మనిషి. ఈ మాట సరిచేస్తూ రెండు లైన్లు వేయమని అడగడానికే ఉత్తరం మొదలుపెట్టాను. రెండు లైన్ల కోసం ఇన్ని కాగితాలు ఎందుకయ్యాయో చదివితే మీకే తెలుస్తుంది. కత్తిరించాల్సి వస్తే కత్తిరించుకోండి, ఫొటో సంగతి మాత్రం ఉంచండి.

నిజం చెప్పాలంటే మా ఇంటికి మీ పేపర్ రాదు. ఆ ఫొటోను సెలూన్‌లో, గడ్డానికి నురుగు పెట్టించుకుని కూర్చున్నప్పుడు చూశాను. సంతోషపడ్డాను కూడా. సెలూన్ అతనికి చూపించాను. పేజీ చింపుకుని జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను. "మీ చెయ్యి ఒక్కటే పడ్డది, మొహం సగమే" అంది. అంతవరకు అంతా బాగానే ఉంది.

ఆ వచ్చిన ఆదివారం పూజ అయిపోయాక నేను కానుకల డబ్బులు లెక్కపెడుతున్నాను. ఆమె చీపురు పట్టుకునే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"సారూ, పేపర్ల నా బొమ్మచ్చింది గదా. మా మనుమరాలు సదివింది."

"చూశాను, మంచిగనే వచ్చింది" అన్నాను.

"నిరుపేద అంటే ఏంది బాపమ్మా అని అడిగింది. నాకేం జెప్పాల్నో తెల్వలే." కాసేపు ఊరుకుంది. "పదకొండేండ్ల సంది ఈడ నేను జేసేది పని గాదా సారూ?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. చిల్లర లెక్క తప్పింది, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

మేము ఎవరమో చెప్పాలి. ఊళ్లలో మమ్మల్ని ఆర్‌సీఎం వాళ్లు అంటారు, అంటే రోమన్ కాథలిక్కులం. మాది వరంగల్ మేత్రాసనంలో, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతంలో, ఒక చిన్న విచారణ. విచారణ అంటే మా భాషలో ఒక ఫాదర్ గారి కింద ఉండే ఇళ్లు, ఊళ్లు. పోలీసు విచారణ కాదు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ కథ ఒక్క మా విచారణదే అని ఎవరూ అనుకోకూడదు. గుళ్లు, మసీదులు, ట్రస్టులు, అనాథాశ్రమాలు నడిపేవాళ్లు కూడా తమ హాజరు పట్టీ ఒకసారి తీసి చూసుకోవచ్చు. వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. ఇటలీ నుంచి వచ్చిన పిమే అనే మిషనరీ సభ ఫాదర్లు ఈ ప్రాంతంలో బడులు, ఆస్పత్రులు పెట్టారు. మా నాయన తరం వాళ్లు నాలుగు అక్షరాలు నేర్చుకున్నారంటే వాళ్ల పుణ్యమే. నేను శ్రీసభను, అంటే మా కాథలిక్ చర్చిని, తిట్టడానికి రాయడం లేదు. తిట్టాలంటే ముందు నన్ను తిట్టుకోవాలి, ఎందుకంటే చర్చి జీతాల రిజిస్టర్‌లో ఉన్న చేతిరాత నాది.

రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేసి కాజీపేటలో రిటైరయ్యాను. హాజరు పట్టీలు, ఓవర్‌టైం లెక్కలు రాయడమే నా ఉద్యోగం. ఎనిమిది గంటల మీద ఒక్క అరగంట పడితే గ్యాంగ్ మనిషి కూడా వచ్చి టేబుల్ ముందు నిలబడి అడిగేవాడు. అడిగే హక్కు అతనికి ఉందని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు. రిటైరయ్యాక 'లెక్కలు తెలిసిన మనిషి' అని చర్చి ఆర్థిక కమిటీలో వేశారు.

మా చర్చి లెక్క ఇది. ఆమె ఉదయం ఆరింటికి వచ్చి పదింటి దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఉంటుంది. చర్చి ఊడవడం, తడిగుడ్డ పెట్టడం, పీఠం మీది గుడ్డలు ఉతకడం, హాలు వెనుక లెట్రిన్లు కడగడం, వానాకాలం గడ్డి పీకడం. పెళ్లి ఉంటే రాత్రి పదకొండు దాకా ఎంగిలి విస్తళ్లు ఎత్తడం. రెండు వేలతో చేరింది. మూడుసార్లు పెంచాం, ఇప్పుడు 4,500. నెల మొదటి ఆదివారం కవర్లో పెట్టి నేనే ఇస్తాను. ఒక్కో నెల కానుకలు తక్కువ పడితే పదిహేనో తారీఖు దాకా ఆగుతుంది. కూలివాడి కూలి ఆ పొద్దు గుంకక ముందే ఇవ్వమని ద్వితీయోపదేశ కాండంలో ఉంది. ఆ అధ్యాయాన్ని పూజలో చదివింది కూడా ఒకసారి నేనే.

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. నెలకు ఇరవై ఆరు రోజులు వేసుకుంటే 7,982. చెరువులో మట్టి తవ్వితే సర్కారు ఇచ్చే రేటు కన్నా, దేవుడి ఇల్లు ఊడిస్తే మేమిచ్చేది 3,482 రూపాయలు తక్కువ. ఈ కూడికలు తీసివేతలు నాకు పదకొండేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఓవర్‌టైం అరగంటలు లెక్కపెట్టి పెన్షన్ తెచ్చుకుంటున్న మనిషికి తట్టలేదు!

తట్టకపోవడానికి ఒక కారణం ఆమె ఆ కవర్ తీసుకునే తీరు. రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకునేది. లెక్కపెట్టుకునేది కాదు. మా నాయన ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది, 2002లో మూతపడింది. చిన్నప్పుడు జీతం రోజున నన్ను వెంట తీసుకెళ్లేవాడు, వచ్చేటప్పుడు మిఠాయి కొనిపెట్టేందుకు. కిటికీ దగ్గర సంతకం పెట్టి, బొటనవేలు నాలుకకు తడి చేసుకుని, క్యాషియర్ ఎదుటే నోట్లు రెండుసార్లు లెక్కపెట్టేవాడు. వెనుక లైన్లో వాళ్లు తొందర పెట్టినా వినేవాడు కాదు. నాకు సిగ్గయ్యేది. ఇప్పుడు అర్థమవుతోంది, జీతం తీసుకునేవాడు అలాగే తీసుకుంటాడు. కళ్లకద్దుకునేది ప్రసాదం. ఆమె చేతికి అందింది జీతంలా లేదు కాబట్టే ఆమె కళ్లకద్దుకుంది, మాకు అది బాగుంది కాబట్టే మేము వద్దనలేదు.

ఎవరైనా జీతం మాట ఎత్తితే కమిటీలో ఒకటే జవాబు ఉండేది: "ఒప్పుకునే చేరింది కదా." నేనూ అన్నాను ఆ మాట. 2025 మే 8న కొత్త పోపు గారు ఎన్నికై లియో అని పేరు పెట్టుకున్నప్పుడు మా ఫాదర్ గారు ప్రసంగంలో ఆ పేరు వెనుక కథ చెప్పారు. 13వ లియో పోపు గారు 1891 మే 15న 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖ, అంటే శ్రీసభ మొత్తానికి ఉత్తరం, రాశారు. యూరప్‌లో ఫ్యాక్టరీల కాలం, కూలీలను పీల్చి పిప్పి చేస్తున్న కాలం. కొత్త పోపు గారు ఆ లేఖను గుర్తుచేసుకునే ఆ పేరు ఎంచుకున్నారట. ప్రసంగం విని ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. ఫొటో సంగతి అయ్యాక గానీ ఆ లేఖలో ఏముందో చూడాలనిపించలేదు. మా కోడలు ఫోన్‌లో ఇంగ్లిష్‌లో తీసిపెట్టింది, అర్థం కాని చోట తనే చెప్పింది.

అందులో మా కమిటీ జవాబుకు 135 ఏళ్ల కిందటే సమాధానం ఉంది. పనిచ్చేవాడు, పనిచేసేవాడు ఇష్టపడి ఒప్పుకోవచ్చు. కానీ ఇద్దరి బేరం కన్నా పాతది, పెద్దది అయిన న్యాయం ఒకటుంది, పనిచేసే మనిషి పొదుపుగా బతకడానికైనా కూలి సరిపోవాలి అంటారు. వేరే గతి లేకనో, ఇంతకన్నా చెడ్డది వస్తుందన్న భయంతోనో తక్కువకు ఒప్పుకుంటే, అతను ఒప్పుకున్నట్టు కాదు, బలవంతానికి, అన్యాయానికి గురైనట్టు అని రాశారు. మా చర్చి ఊడ్చే ఆమెకు భర్త పోయి తొమ్మిదేళ్లు. కొడుకు సూరత్‌లో ఉంటాడు, ఎప్పుడో పంపుతాడు. మనుమరాలిని తనే సాకుతోంది. ఇక్కడ మానేస్తే ఎక్కడికి పోతుంది? ఆమె ఒప్పుకుందని ఏ మొహంతో అన్నామో!

కోడలు ఇంకా వెతికింది. ఈ పిల్ల ఒకటి పట్టుకుంటే వదలదు. 1965లో వాటికన్ మహాసభ గృహస్థ విశ్వాసుల, అంటే ఫాదర్లు, సిస్టర్లు కాని మాలాంటి వాళ్ల, సేవ గురించి ఒక పత్రం ఇచ్చింది. దాంట్లో ఒక్క వాక్యం దగ్గర నాకు ఊపిరాడలేదు. ముందు న్యాయంగా చెల్లించాల్సింది చెల్లించండి, న్యాయంగా చెల్లించాల్సిన దాన్ని దానం చేసినట్టు చూపకండి అని ఉంది. కోడలు చదివి ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూసింది. ఇద్దరికీ ఆ ఎర్ర గళ్ల దుప్పటే గుర్తొచ్చింది.

2009లో బెనడిక్ట్ పోపు గారు కూడా ఇదే వేరే తీరుగా చెప్పారు. న్యాయంగా ఎదుటి మనిషిది ఏదో అది ముందు ఇవ్వకుండా, నాది అతనికి ఇస్తున్నానని అనలేను అంటారు. ప్రేమ న్యాయాన్ని దాటి పోతుంది, కానీ న్యాయం లేకుండా ఉండదు అంటారు. నేను చిన్నప్పటి నుంచి ప్రసంగాల్లో ప్రేమ అనే మాట కొన్ని వేలసార్లు విని ఉంటాను. ప్రేమకు ముందు బాకీ తీర్చాలి అని విన్న గుర్తు లేదు. చెప్పారేమో, నేను నిద్రపోయానేమో.

దుప్పట్ల లెక్క కూడా చెప్తాను. 60 దుప్పట్లు, ఒక్కోటి 280, మొత్తం 16,800. డబ్బు దాతది. హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా ఊరి కుటుంబం, మంచి మనుషులు, తల్లి జ్ఞాపకార్థం ఇచ్చారు. డిసెంబర్‌లో మా దగ్గర చలి ఎట్లుంటుందో మీకు తెలుసు. దుప్పటి వృథా కాదు. ఆమెకు కూడా దుప్పటి నచ్చింది, మనుమరాలికి కప్పుతోందట. కానీ అదే నవంబర్‌లో ఆమె జీతం ఒక వెయ్యి పెంచుదామని మాట వచ్చింది. ఏడాదికి పన్నెండు వేలు. ఫండ్ లేదని వాయిదా వేశాం. దాతను అడగలేదా అంటే, అడగలేదు. దుప్పట్లు పంచితే ఫ్లెక్సీ కట్టొచ్చు, ఫొటో తీయొచ్చు. ఊడ్చే ఆమె జీతానికి చందా ఇమ్మని అడగడానికి మాకు నోరు రాలేదు, ఫొటో ఏం తీస్తాం?

మరి దానధర్మాలు మానేయాలా? కాదు. ఇప్పటి పోపు గారు 2025 అక్టోబర్‌లో పేదల మీద ప్రేమ గురించే ఒక లేఖ ఇచ్చారు. దానం చేయమనే ఉంది అందులో, దానాన్ని చిన్నచూపు చూడొద్దనే ఉంది. కానీ పేదవాడికి చేయగల పెద్ద సాయం మంచి పని దొరికేలా చూడటమే అనీ ఉంది. మా చర్చి ఊడ్చే ఆమెకు పని దొరికి పదకొండేళ్లయింది. దాన్ని మంచి పనిగా చేయడం మా చేతిలో ఉంది.

ఇంకోటి. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను, మా ఆవిడ రాయమంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కాని దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవ దళితులకు ఇప్పటికీ లేదు. మన దగ్గర బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్. అందుకని ఏటా ఆగస్టు 10న మేము నల్ల రిబ్బన్లు పెట్టుకుని నిరసన తెలుపుతాం. నేను ఏ ఏడాదీ మానలేదు. అన్యాయం, వివక్ష అని గొంతు పోయేలా అరిచాను. అదే ఆగస్టులో రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా 4,500 అని రాశాను. మా దేశ బిషప్పుల సమాఖ్య 2016లో దళితుల కోసం ప్రత్యేక విధానం ప్రకటించి, శ్రీసభ లోపల కూడా వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి, అంటే ఆర్చ్‌బిషప్, పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు, అంటే పోపును ఎన్నుకునే పెద్దల్లో ఒకరయ్యారు. దళితుల్లో మొదటి కార్డినల్, తెలుగువాళ్లలోనూ మొదటివారు. ఆ రోజు మా చర్చిలో పటాసులు కాల్చాం. తెల్లారి ఆ కాగితాలన్నీ ఊడ్చింది ఎవరో రాయక్కర్లేదు. ఆమెదీ నాదీ ఒకటే వాడ. నాకు చదువు అబ్బింది, రైల్వే వచ్చింది. ఆమెకు చీపురు వచ్చింది.

పొద్దున్నే పాల కోసం పోతే హన్మకొండ దారిలో ఒక అడ్డా కనబడుతుంది. ఆరున్నరకు నిండుగా ఉంటుంది. మగవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద, ఆడవాళ్లు అరుగు మీద, టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని. ఎవరైనా బండి ఆపితే చాలు, పది మంది చుట్టుముడతారు. "ఎంతమంది? స్లాబా? మట్టి పనా?" ఎనిమిదిన్నర దాటితే సగం ఖాళీ. తొమ్మిదిన్నరకు ముసలివాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు, చంకలో పిల్ల ఉన్న ఆమె మిగులుతారు. వాళ్లు వెంటనే లేచిపోరు. డబ్బా మూత తీసి అక్కడే అన్నం తింటారు. పనికి తెచ్చుకున్న అన్నం పని లేకుండా తినడం ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది.

మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని అడ్డాకే పోతాడు. పొద్దున దొరికినవాళ్లతో రోజుకు ఒక దేనారం అని బేరం చేసుకుంటాడు. తర్వాత తొమ్మిదింటికి పోయి, మిగిలినవాళ్లతో బేరం చేయడు, "న్యాయమైనది ఇస్తాను" అంటాడు. సాయంత్రం ఐదింటికి మళ్లీ పోయి, రోజంతా ఊరికే ఎందుకు నిలబడ్డారు అంటే, "మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు" అంటారు. వాళ్లకూ అదే దేనారం ఇస్తాడు. దీన్ని దేవుడి ఉదారత గురించిన కథ అని విన్నాను ఇన్నాళ్లు. అది ఉదారతే. కానీ 'న్యాయమైనది' అనే మాట యజమాని నోట్లోనే ఉంది కదా! ఆ దేనారం ఒక ఇంటికి ఒక రోజు గడిచే కూలి. గంట చేసినవాడి ఇంట్లో కూడా ఆ రాత్రి పొయ్యి వెలగాలని ఆ యజమాని లెక్క వేశాడని నాకిప్పుడు అనిపిస్తోంది. నేను బైబిలు పండితుణ్ణి కాదు, టైం ఆఫీసు లెక్కలు తెలిసినవాణ్ణి. లెక్క ఆ తీరుగానే తేలుతోంది.

జనవరి రెండో వారం కమిటీ మీటింగ్‌లో ఈ మాట ఎత్తాను. ఫొటో కాగితం టేబుల్ మీద పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "చర్చి పని సేవ అన్నా, దేవుడు చూసుకుంటాడు" అన్నాడు. ఆయన కాంట్రాక్టర్, తన బిల్లు విషయంలో ఎప్పుడూ దేవుడికి వదిలిపెట్టలేదు. ఇంకొకాయన, "మన ఆదాయమెంత? కరెంటు బిల్లు కట్టడమే గగనం" అన్నాడు. ఇది అబద్ధం కాదు. ఆదివారం కానుకలు మూడు వేలు దాటితే పండగ.

నేను కోడలు రాసిచ్చిన కాగితం తీశాను. 1983 నాటి మా శ్రీసభ చట్ట సంహితలో 1286వ నిబంధన ఉంది. చర్చి ఆస్తులు చూసేవాళ్లు పనివాళ్ల విషయంలో దేశ కార్మిక చట్టాలు తు.చ. తప్పకుండా పాటించాలి, తమనీ తమ మీద ఆధారపడ్డవాళ్లనీ పోషించుకునేలా న్యాయమైన జీతం ఇవ్వాలి. ఇది సలహా కాదు, చట్టం. 1971లో రోమ్‌లో సమావేశమైన బిషప్పులు ఇంకా సూటిగా అన్నారు: లోకానికి న్యాయం చెప్పాలనుకునేవాళ్లు ముందు లోకం కళ్లకు న్యాయంగా కనబడాలి. ఫాదర్ గారు తల వంచుకుని విన్నారు. ఆయన్ని అనడానికి లేదు, వచ్చి ఏడాదిన్నర అయింది. ఫాదర్లు మారుతుంటారు, రిజిస్టర్ మారదు, రాసే చెయ్యీ మారలేదు.

డబ్బు లేదన్న మాటకు నా దగ్గర పెద్ద మందేం లేదు. అయితే ఒకటి అన్నాను. 4,500కే తాహతు ఉంటే 4,500 పనే చేయించుకుందాం. పొద్దున నాలుగు గంటలతో ఆమెను వదిలేద్దాం. సాయంత్రం ఆమె ఇంకో చోట చేసుకుంటుంది. లెట్రిన్లు, గడ్డి మనం వారానికొక వాడ చొప్పున వంతులేసుకుందాం. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా మోసే హమాలీకి కూడా బస్తాకు ఇంత అని రేటు ఉంటుంది. మా చర్చిలో ఆమె పని ఎంత, గంటలెన్ని, సెలవులెన్ని అని ఒక్క కాగితం మీద లేదు. ముందు ఆ కాగితం రాద్దాం అన్నాను. వంతుల మాట రాగానే ఆదాయం మీద కొత్త ఆలోచనలు పుట్టాయి! హాలు అద్దె పెంచొచ్చన్నారు. పెళ్లికి వచ్చేవాళ్ల దగ్గర శుభ్రతకు వేరే తీసుకుని నేరుగా ఆమెకే ఇవ్వొచ్చన్నారు. హైదరాబాద్ దాతతో మాట్లాడతానని ఫాదర్ గారన్నారు. ఏదీ తీర్మానం కాలేదు. తపస్కాలం, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల రోజులు, వచ్చే లోపల తేలుద్దామన్నారు. లేచేటప్పుడు కాంట్రాక్టర్ గారు నా భుజం మీద చెయ్యేసి, "పేపర్‌కు మాత్రం ఎక్కించకు అన్నా" అన్నాడు. అందుకు కూడా రాస్తున్నాను అనుకోండి.

ఇంటికి వచ్చి చూసుకుంటే మా ఇంట్లో కథ వేరేగా లేదు. అంట్లు తోమే ఆమెకు దసరాకు చీర, క్రిస్మస్‌కు కేకు, మా ఆవిడ పాత చీరలు. జీతం మూడేళ్లుగా అంతే. మా ఆవిడ ఐదొందలు పెంచింది. చీర కూడా ఇస్తుందట, అది తన ఇష్టమట.

ఒక్క మాట మీ గురించి కూడా, కోపం తెచ్చుకోకండి. ఆ ఫొటో తీసిన కుర్రాడు పొద్దున ఏడింటికే బండి మీద వచ్చాడు, ఇంకో రెండు ఊళ్లకు పోవాలన్నాడు. పెట్రోలు ఎవరిస్తారు తమ్ముడూ అంటే నవ్వాడు. పల్లె విలేకరులకు పేపర్లు జీతం కాదు, లైన్ అకౌంట్ లెక్కన, అంటే అచ్చయిన లైన్లు లెక్కపెట్టి, ఇస్తాయని విన్నాను. మీ దగ్గర ఎట్లుందో మీకే తెలుసు. నేను పంపిన 'నిరుపేద' అనే మాటకు కూడా అతనికి లైన్‌లో లెక్క పడే ఉంటుంది.

ఈ నెల కవర్ ఇచ్చేటప్పుడు ఆమెను కూర్చోమన్నాను. కూర్చోలేదు. రిజిస్టర్‌లో కొత్త గడి గీశాను, సంతకం కోసం. ఆమెకు పేరు రాయడం వచ్చట, డ్వాక్రా మీటింగుల్లో నేర్చుకుందట. పదకొండేళ్లలో మేము ఎప్పుడూ అడగలేదు. వంకరటింకరగా, గడి దాటి రాసింది. "లెక్కపెట్టుకో అమ్మా" అన్నాను. "నీ మీద నమ్మకం లేదా సారూ" అని నవ్వింది. "నమ్మకం కోసం కాదు, లెక్కపెట్టు" అన్నాను. తొమ్మిది నోట్లు. లెక్కపెట్టింది. "ఇగ పెంచలేదేంది?" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

సవరణ ఇలా వేయండి: 'దుప్పటి అందుకుంటున్న మహిళ నిరుపేద కాదు. ఆ చర్చిలో పదకొండేళ్లుగా పారిశుద్ధ్య పని చేస్తున్న ఉద్యోగి. వివరాలు తప్పుగా పంపినందుకు కమిటీ సభ్యుడు క్షమాపణ చెప్పారు.' ఫొటో మళ్లీ వేయక్కర్లేదు. వేసే రోజు మీ విలేకరితో ముందే చెప్పించండి. ఆ రోజు మీ పేపర్ రెండు కొంటాను. ఒకటి ఆ పిల్ల చదువుకోవడానికి, ఇంకోటి రిజిస్టర్‌లో ఆమె సంతకం పక్కన అంటించడానికి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
కాజీపేట

(పేరు, ఫోన్ నంబరు విడి కాగితం మీద రాశాను. ఆమె పేరు తెలిసిపోతుంది కాబట్టి నా పేరు వేయవద్దు.)